కార్డు వెనక కాలి అచ్చు

పోయిన వారం మనం భవానిని విడిచి వచ్చేసరికి ఆమె మహా సంతోషంగా ఉంది. బూర్గంపాడు దాటి అడవి దారి పట్టే వాళ్లందరికీ తెలిసిన గడ్డ మీది దవాఖానాలో, ఎండలు ముదరకముందు ఆమె మొదలుపెట్టిన పని ఆ ఉదయమే పూర్తయింది. పెద్ద వరదకు కింది అరల్లోని పాత కాన్పు కార్డులు తడిసి ముద్దయిపోతే, మిగిలినవైనా దక్కాలని దవాఖానా నడిపే ధర్మకర్తలు వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే పని ఒక కంపెనీకి అప్పజెప్పారు. ఆ కంపెనీ ఒక స్కానర్‌ను, దానితోపాటు కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి కూతురు భవానిని ఇక్కడికి పంపింది. చివరి కట్ట కూడా స్కానర్ మింగి అవతలికి వదిలింది. రికార్డు గది ఖాళీ అయితే దాన్ని నెలలు నిండిన ఆడవాళ్లు ముందుగా వచ్చి ఉండే వార్డుగా మార్చాలని ఆఫీసు మేనేజరు సారంగపాణి రంగు డబ్బాలు కూడా తెప్పించి పెట్టాడు. పాత కార్డులను తూకానికి తీసుకుపోయే ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. సరిగ్గా అప్పుడే ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి, తన కొడుకు కాలి అచ్చు ఇమ్మని అడిగింది.

ఆ గుమ్మం దగ్గరికే మళ్లీ పోదాం.

ఆమె పేరు పూలి. నలభై దాటి ఉంటాయి. పెద్ద కూతురు గోరికి ఎనిమిదో నెల. తండా నుంచి కూతుర్ని పరీక్షకు తీసుకొచ్చి, డాక్టరమ్మ గది ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ వరస కదిలేలోపు వద్దామని ఇటు వచ్చింది. దవాఖానాలో పాత కాయితాలన్నీ కంప్యూటర్లో పెట్టారనీ, ఎవరిది వాళ్లు అడిగితే తీసి ఇస్తారనీ ఎవరో చెప్పారట. గోరి తర్వాత పుట్టినవాడు సక్రు. ఇక్కడే పుట్టాడు. ఏడాది దాటి కొన్ని నెలలు బతికాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి, వాగు దాటించి ఇక్కడికి తెచ్చేలోపే పోయాడు. ఫోటో అన్నది ఒక్కటీ లేదు. పుట్టిన రోజు ఆయమ్మ వాడి కాలికి సిరా పూసి కార్డు మీద అద్దడం మాత్రం పూలికి మొన్న జరిగినట్టే గుర్తుంది.

ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. కిరాణా కొట్టుకు పోయి ఫలానాది ఉందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. అందుకే భవాని కూడా మామూలుగానే, కొంచెం ఉత్సాహంగానే విన్నది. ఇన్నాళ్లూ దుమ్ము దులపడం, తుప్పు పిన్నులు పీకడం, వంకర పోయిన మూలలు సరిచేసి కార్డుల్ని ట్రేలో పేర్చడం, రోలర్లు తుడవడం, ఇదే లోకమైపోయింది ఆమెకు. ఆ చాకిరీ అంతా ఒక మనిషికి అక్కరకు రావడం ఇదే మొదలు.

"కూసో అక్కా, ఒక్క నిమిషంల తీసిస్త," అని కంప్యూటర్ ముందుకు కుర్చీ జరుపుకుంది. తల్లి పేరు కొట్టింది. పూలి పేరున్న వాళ్లు చాలామందే వచ్చారు. తండ్రి పేరు అడిగింది.

 పూలి చీర కొంగు సర్దుకుని, వాకిలి వైపు చూసి, "రామ్‌చందర్," అన్నది.

కార్డు దొరికింది. పాత డాక్టరమ్మ గుండ్రటి చేతిరాతలో తల్లి పేరు, తండ్రి పేరు, తండా పేరు, పుట్టిన తేదీ, బరువు. మగపిల్లవాడు. భవాని ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే పూలి తల ఊపుతూ విన్నది. బరువు చెప్పినప్పుడు మాత్రం కొంచెం నవ్వింది. అందరికంటే బరువుగా పుట్టాడని ఆయమ్మ అప్పుడే అన్నదట. భవాని వెనకవైపు చూపిద్దామని మీట నొక్కింది.

తెర మీద వేరే ఎవరిదో కార్డు వచ్చింది.

మళ్లీ వెనక్కి వచ్చి నొక్కింది. మళ్లీ అదే. సక్రు కార్డుకు ముందు పక్క ఉంది, వెనక పక్క లేదు. దాని పైదానికీ లేదు, కిందిదానికీ లేదు. ఆ ఏడాది కట్టలన్నీ తెరిచి చూసింది. ఎక్కడో ఒకటీ అరా తప్ప, వెనక పక్కలే లేవు. 

ఎందుకు లేవో ఆమెకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పని మొదలుపెట్టిన కొత్తలో కార్డుల వెనకపక్కలు చాలామటుకు తెల్లగానే వస్తుంటే, ఉత్త కాగితాలు ఎందుకు దాచుకోవడమని, ఖాళీ పేజీలు వదిలేయమని స్కానర్‌కు చెప్పింది తనే. ఒక చిన్న గడిలో టిక్కు పెట్టింది, అంతే. ఈమధ్య ఏళ్ల కార్డుల మీద కాలి అచ్చులు నల్లగా, దిట్టంగా ఉన్నాయి కాబట్టి అవి వచ్చాయి. అవి చూసి ముచ్చటపడింది కూడా. పాతవాటి మీద సిరా వెలిసి టీ మరకలా అయిపోయింది. మనిషి కన్ను పట్టి చూస్తే అందులో పాదం ఉంది. స్కానర్‌కు అంత ఓపిక లేదు. ఖాళీ అనుకుని వదిలేసింది.

పూలి ఆమె ముఖంలోకే చూస్తోంది. "లేదా?" అన్నది.

భవానికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఉన్నది అక్కా. దీంట్ల రాలే. కార్డు మీద ఉంటది," అంటూనే లేచింది. ఆ కార్డు ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. వాకిట్లో ఆటో ఉంది. దానిలోకి కట్టలు ఎక్కుతున్నాయి.

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి ట్రాలీ మూడొంతులు నిండింది. సారంగపాణి తువ్వాలు తలకు చుట్టుకుని పక్కనే నిలబడి, కట్టలు వరసగా పెట్టమని డ్రైవరుకు చెబుతున్నాడు. చదువైపోగానే గుమాస్తాగా ఇక్కడికి వచ్చిన మనిషి, ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. భవాని పోయి ఆటో ఆపమన్నది.

"ఎందుకమ్మా? పనైపోయిందని పొద్దుగాల నువ్వే చెప్తివి గదా," అన్నాడాయన.

"చెప్పిన సార్. కాలేదు. సగమే అయింది. తప్పు నాదే."

తర్వాత జరిగిందంతా చెప్పింది. ఖాళీ పేజీల సంగతి, టిక్కు పెట్టిన సంగతి, కాలి అచ్చులు పోయిన సంగతి ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు. తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది ఆమెకు.

వెనక మరకలు తప్ప ఏముంటాయని అడిగాడాయన. పేర్లు, తేదీ, బరువు అన్నీ ముందు పక్కనే ఉన్నాయి, సర్టిఫికెట్‌కు కావలసినవి అవే. రేపు పొద్దున రంగులేసే వాళ్లు వస్తున్నారు. మంచాలు వచ్చి షెడ్డులో పడి ఉన్నాయి. "పోయిన వానకాలం వాగవతల ట్రాక్టర్ ట్రాలీల కాన్పైన పిల్ల సంగతి నీకెర్కే గదా. ఆ గది కోసం ఎన్నేండ్ల సంది తిరుగుతున్ననో నీకు తెల్వదు. మరకల కోసం దాన్ని ఆపుమంటవా, బిడ్డా?"

 ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ట్రాలీలో కాన్పైన ఆ తల్లి బిడ్డకు సూది మందు వేయించడానికి వచ్చినప్పుడు భవాని కూడా చూసింది. వాగు పొంగకముందే ఇక్కడికి వచ్చి ఉండే చోటుంటే ఆ తిప్పలు తప్పేది. అయినా ట్రాలీ పక్కనుంచి కదల్లేదు.

 వెనకే వచ్చి వింటున్న పూలి నెమ్మదిగా ముందుకొచ్చి, "గది ఆపొద్దు సార్," అన్నది. "నా బిడ్డెకే రేపు గది కావాలె. వాన పడితే మా వాగు ఎట్లుంటదో నాకెర్కే. నా కొడుకుదొక్కటి తీసిచ్చి మీ ఆటో పంపుర్రి."

సారంగపాణికి అది వినడంతో ప్రాణం తేలికపడ్డట్టయింది. ఆ ఒక్కటీ తీసిచ్చేయమని భవానితో చెప్పి, ఆటో వైపు తిరిగాడు కూడా. కానీ వసారాలోంచి ఒక ముసలి గొంతు ఆయన్ని ఆపింది.

సారక్క అక్కడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఈ దవాఖానాలో ఆయాగా చేసి ఎప్పుడో దిగిపోయింది. కోయగూడెంలో కొడుకు ఇంట్లో ఉంటుంది. అయినా పొద్దున అంబలి తాగగానే ఇటే వస్తుంది. వచ్చి ఏ పసిపిల్లనో ఒళ్లో వేసుకుని కూర్చుంటుంది. ఈ చుట్టుపక్కల ఆమె చేతుల్లోకి ఒక బిడ్డయినా పుట్టని కుటుంబం లేదు.

"సారంగం," అన్నది. ఆయన్ని అలా పిలిచేది ఆమె ఒక్కతే. "ఈమెకు మతికొచ్చింది గనుక అడిగింది. అడగనోళ్లయి తూకానికేస్తవా?"

సారంగపాణి ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు. ఒళ్లో ఉన్న పిల్లను పక్కనున్న తల్లికిచ్చి, మోకాళ్ల మీద చేతులానించి లేచి వచ్చింది. వచ్చి, ఆ అచ్చులు ఎందుకు మొదలయ్యాయో చెప్పింది. అది భవానికి తెలియదు, పూలికీ తెలియదు. సారంగపాణికి తెలుసు, మర్చిపోయాడు.

అప్పట్లో కాన్పుకు వచ్చే ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు లేరు. మళ్లీ సూది మందుకు పిల్లను తీసుకొచ్చినప్పుడు బీరువాలోంచి కార్డు తీసి, ఇది నీదేనా అని అడిగితే వాళ్లకేం తెలుస్తుంది. ఒకరిది ఒకరికి పోయి రెండు మూడుసార్లు రచ్చయింది. రాసిన అక్షరం తల్లి పోల్చుకోలేదు గానీ బిడ్డ కాలు పోల్చుకుంటుంది కదా అని సారక్కకే తోచింది. అప్పటి డాక్టరమ్మను అడిగితే, నీ ఇష్టం అన్నదట. ఇక సిరా కావాలి.

"ఆ సిరా ఏడిదో నీకెర్కేనా?" అని సారక్క సారంగపాణిని అడిగింది.

 ఆయన ముఖంలో ఏదో మెదిలింది. మీసం కింద నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. "నా స్టాంపు ప్యాడ్‌ది," అన్నాడు.

ఆ కథ ఆయనే చెప్పాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో టేబుల్ మీద పెట్టిన స్టాంపు ప్యాడు వారానికోసారి మాయమయ్యేది. దొరికినా ఎండిపోయి దొరికేది. ఒకరోజు దొంగను పట్టుకోవాలని కాన్పు గది దాకా వెంటపడి పోయాడట. అక్కడ సారక్క ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, ఇంకో చేత్తో ప్యాడు మూత తీయలేక అవస్థ పడుతోంది. అరవడానికి పోయినవాడు, ఆమె పట్టుకోమంటే ఆ పిల్ల కాలు పట్టుకున్నాడు. అంతకుముందు అంత చిన్న కాలు పట్టుకుని ఎరగడు. గుండె కొట్టుకోవడం ఆ మడమలో తెలిసిందట. ఆ తర్వాత నెల నుంచి ఆఫీసు సామాను తెప్పించేటప్పుడు ప్యాడు ఒకటికి రెండు రాయించేవాడు, ఎందుకని పైవాళ్లు అడిగితే ఇక్కడ గాలికి త్వరగా ఎండిపోతున్నాయని చెప్పేవాడు.

చెప్పడం అయ్యాక ఆయన ట్రాలీలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇప్పుడాయనకు అక్కడ కట్టలు కాదు, ఇంకేదో కనబడుతున్నట్టుంది.

"దించుర్రి," అన్నాడు డ్రైవరుతో.

గది మాటేమిటని భవాని అడగకముందే దానికీ దారి ఆయనే చెప్పాడు. రేపు పొద్దున రికార్డు గదికి రంగులు పడతాయి, అది ఆగదు. కార్డుల కట్టలు, స్కానరు, భవాని అందరూ ఆయన ఆఫీసు గదిలోకి మారతారు. ఆయన టేబులు వసారాలోకి వస్తుంది. వానాకాలం దాకా గాలికి కూర్చుంటే నష్టమేమీ లేదని, పైగా ఎవరొచ్చి ఎవరు పోతున్నారో కనబడుతుందని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. కట్టలు ఎక్కించిన ఆటో డ్రైవరు మళ్లీ దించమనేసరికి కొంచెం గొణిగాడు. సారక్క అతన్ని తేరిపార చూసి, నువ్వు ఫలానా ఆమె నడిమి కొడుకువి కదా, నీ కాలు కూడా దీంట్లోనే ఉంది అన్నది. ఆ తర్వాత కట్టలు దించడంలో అందరికంటే అతనే ముందున్నాడు.

సక్రు కార్డు దొరకడం కష్టం కాలేదు. ముందు పక్క కంప్యూటర్లో ఉంది కాబట్టి దాని నెంబరూ, అది ఏ కట్టలో ఉందో భవానికి తెలుసు. కట్ట విప్పి, కార్డు తీసి వెనక్కి తిప్పింది. అట్ట మీద లేత గోధుమరంగు మరక ఒకటి. పూలి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది, కళ్లు చికిలించి చూసింది. కార్డును తిరిగి భవాని చేతిలో పెట్టింది. ఆమెకు ఏమీ కనబడలేదని భవానికి అర్థమైంది.

ఈసారి భవాని కార్డును ట్రేలో పెట్టలేదు. ట్రేలోంచి లాక్కునే ధాటికి అట్ట నలుగుతుందేమోనని భయం. మూత తెరిచి, గాజు పలకను గుడ్డతో తుడిచి, కార్డును దాని మీద బోర్లా పెట్టింది. నలుపు తెలుపు కాకుండా రంగుల్లో తీసింది. మొదటిసారి మరక మరకలాగే వచ్చింది. వెలుతురు తగ్గించి, సిరాకూ అట్టకూ తేడా పెంచి మళ్లీ తీసింది. మూడోసారి ఇంకొంచెం పెంచింది. స్కానర్ లోపలి దీపం మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. తెర మీద పైనుంచి కిందికి బొమ్మ దిగింది.

ముందు వేళ్లు వచ్చాయి. ఐదు జొన్నగింజలు వరసగా పెట్టినట్టు. తర్వాత అరికాలి మెత్తటి ఉబ్బు, నడుమ సన్నటి గీతలు, చివర గుండ్రటి మడమ. మడమ దగ్గర కొంచెం జారి ఉంది. అద్దేటప్పుడు తన్ని ఉంటాడు.

 పూలి లేచి తెర దగ్గరికి వచ్చింది. చెయ్యి చాచి, ముట్టుకోవచ్చా అన్నట్టు భవాని వైపు చూసింది. భవాని తల ఊపింది. పూలి తన బొటనవేలు ఆ మడమ మీద ఆనించింది. భవాని దాన్ని ప్రింటు తీసి చేతికిచ్చాక కూడా ఆ కాగితం మీద అలాగే ఆనించింది. పాదం పొడవు ఆమె వేలికి ఏమంత ఎక్కువ లేదు.

"పోయేనాటికి నడిచేటోడు," అన్నది చివరికి. "తండా అంతా ఉరికేటోడు. ఆ కాళ్లే నాకు మతికున్నయి, మట్టి కాళ్లు. ఇది మన్ను అంటకముందటి కాలు."

ఏడ్చిందో లేదో భవాని చూడలేదు, ఎందుకంటే ఆ సమయానికి తన కళ్లే మసకబారాయి. కాగితాన్ని మడవకుండా పెట్టుకోవడానికి ఒక పాత ఎక్స్‌రే కవరు వెతికిచ్చింది సారక్క. గోరి పరీక్ష అయిపోయి తల్లిని వెతుక్కుంటూ వచ్చింది. తమ్ముడి కాలు చూసి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. తల్లీ కూతుళ్లు కవరును చెరో కొస పట్టుకుని పోయారు.

వాళ్లు పోయాక భవాని తన కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతలి మనిషి విసుక్కున్నాడు, కాసేపటికి తగ్గాడు. వెనకపక్కలన్నీ మళ్లీ తీసేదాకా అక్కడే ఉండమన్నాడు. ఉండమనడం శిక్ష అనుకున్నాడు కాబోలు. భవానికి మాత్రం ఆ రోజు బూర్గంపాడులో తన కిరాయి గదికి పోయి అన్నం వండుకుంటున్నప్పుడు, ఇంకా కొన్నాళ్లు ఇక్కడే ఉంటానన్న సంగతి తలచుకుంటే హాయిగా అనిపించింది.

తర్వాతి రోజులు తిరునాళ్లలా గడిచాయి. ఆశా కార్యకర్తలు గూడేల్లో, తండాల్లో చెప్పారు. ఎవరో ఒక కాలి అచ్చు ఫోటోను ఫోన్లలో పంపితే అది భద్రాచలం దాటి, కొత్తగూడెం దాకా పోయింది. పొద్దున తాళం తీసేసరికి వసారాలో ఆడవాళ్లు కూర్చుని ఉండేవారు. వసారాలో టేబులేసుకున్న సారంగపాణి వాళ్ల పేర్లు అడిగి, వరస తప్పకుండా లోపలికి పంపేవాడు. ఒకామె కాలేజీ చదివే కొడుకును వెంటబెట్టుకొచ్చి, బూటు విప్పించి, వాడి కాలు పక్కన ఆ చిన్న కాలు పెట్టి అందరికీ చూపించింది. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు గానీ, ఎవరూ చూడకుండా ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఇంకొకామె కవల పిల్లల తల్లి. ఏ కాలు ఎవరిదో ఒక్క చూపుకే చెప్పింది. కార్డు మీద రాసిందానికి సరిగ్గా సరిపోయింది. పూలి లాంటి వాళ్లూ వచ్చారు, ఏమీ చెప్పకుండా కాగితం తీసుకుని, ఎదపై పెట్టుకుని పోయినవాళ్లు. అలాంటి వాళ్లు వచ్చినప్పుడు సారంగపాణి లేచి నిలబడేవాడు.

పాత రికార్డు గదికి లేత పసుపు రంగు పడింది. షెడ్డులోని మంచాలు లోపలికి చేరాయి. మబ్బులు కమ్ముతున్నాయి కదా, వాగు రాకముందే వచ్చి ఉండమని డాక్టరమ్మ చెబితే, కొత్త వార్డులో మొదటి మంచం గోరికే దక్కింది. పూలి కూతురి పక్కన చాప పరుచుకుంది. పగలు భవాని దగ్గరికి వచ్చి పిన్నులు తీయడంలో సాయం పట్టేది. పూలి పిలుపులో భవాని ఇప్పుడు మేడం కాదు, చెల్లె. పూలి లేనప్పుడు ఒకసారి సారక్క చెప్పింది, సక్రు పోయిన మరుసటేడు రామ్‌చందర్ బొగ్గుబాయిల వైపు పనికని పోయాడనీ, మొదట పండక్కి వచ్చేవాడనీ, తర్వాత అదీ మానేశాడనీ. పూలి నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. భవానీ అడగలేదు.

ఒక సోమవారం తెల్లవారుతూనే గోరికి నొప్పులు మొదలయ్యాయి. అంతా సవ్యంగానే ఉంది, కొంచెం సమయం పడుతుందని డాక్టరమ్మ అన్నది. సారక్క లోపలే ఉంది. చూసి చూసి కూతురే కసురుకుంటే, పూలి కాసేపు టీ తాగి వస్తానని క్యాంటీన్ వైపు పోయింది.

వరసలో ఆరోజు అందరూ ఆడవాళ్లే, ఒక్కరు తప్ప. ఆ ఒక్కడూ చివర నిలబడ్డాడు. వెనక వచ్చినవాళ్లను ముందుకు పొమ్మని, తను ఇంకా వెనక్కి జరుగుతున్నాడు. భవాని కిటికీలోంచి రెండుసార్లు చూసింది. యాభై దగ్గర పడ్డ మనిషి. ఉతికిన చొక్కా. కాళ్లకు ముందు భాగం గట్టిగా ఉండే నల్లటి బూట్లు. అలాంటి బూట్లు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుమ్మం పక్కన విడిచేవాడు. ఈయన కూడా గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు.

ఇక అతని వెనక ఎవరూ లేరు. భవాని కూర్చోమన్నది. కూర్చోలేదు. ఫోన్లో ఎవరో కాలి అచ్చు చూపించారనీ, సెలవు పెట్టి మణుగూరు నుంచి వచ్చాననీ చెప్పాడు. బస్సు దిగి నడిచి వచ్చాడట, లోపలికి రావడానికే చాలాసేపు పట్టిందట. 

"పిల్లగాడి పేరేంది అన్నా?" అని భవాని అడిగింది.

"సక్రు."

 ఆ పేరు విన్నా భవాని అడగవలసింది అడిగింది. "తండ్రి పేరు?"

"నేనే. రామ్‌చందర్."

తెర మీద పాదం రావడానికి ఈసారి వెతకాల్సిన పనే లేదు. అతను దాన్ని చూసి గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. ప్రింటర్ కాగితాన్ని బయటికి వదిలింది. భవాని దాన్ని చేతిలోకి తీసుకుంది. ఈ గది దాటి రెండో గుమ్మం అవతల అతని కూతురు నొప్పులు పడుతోందని చెప్పాలా, తనకు చెప్పే హక్కుందా అని ఆమెకు తేలలేదు. చెప్పకుండా కాగితం ఇచ్చి పంపడం ఎట్లాగో కూడా తెలియలేదు. అతను రెండు చేతులూ చాచాడు.

"ఆ కాయితం ఇప్పుడే ఇయ్యకు చెల్లె."

గుమ్మంలో పూలి నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉంది. గొంతులో కోపం లేదు.

"ముందు ఈయనను నేనొక మాట అడగాలె," అన్నది.

రామ్‌చందర్ చాచిన చేతులు దించలేదు, వెనక్కీ తిరగలేదు.